మైదానంలో ఆడపిల్లల లెక్క



ఈ ఉపన్యాసాన్ని ఏర్పాటు చేసిన స్మారక నిధిని ఒక వ్యాయామోపాధ్యాయురాలి పేరున ఆవిడ శిష్యురాళ్లే నెలకొల్పారు. ఆవిడ దగ్గర ఖోఖో, త్రోబాల్, టెన్నికాయిట్ నేర్చుకున్నవాళ్లు తలా కొంత వేసుకున్న డబ్బు ఇది. పండితుల పేరున, నాయకుల పేరున ఉపన్యాసాలు జరగడం మనకు అలవాటే. డ్రిల్లు టీచరు పేరున జరగడం అరుదు. అందుకని ఆవిడకు ఉద్యోగం పొడుగునా ఎదురైన ప్రశ్ననే ఈ రోజు విషయంగా తీసుకున్నాను. బడిలో ఆడపిల్లలు ఎక్కువమంది ఆటల్లోకి రావడానికి చట్టం పనికొస్తుందా?

మనుషుల మనసులు మారకుండా చట్టం చేసి ఏం లాభం అనేవాళ్లున్నారు. చట్టం ఒకటి వస్తే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయని నమ్మేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు అభిప్రాయాల్నీ పరీక్షించి చూడడానికి మనకు దొరికే అతి పెద్ద ఉదాహరణ అమెరికాది. అక్కడ 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. దాని వెనక యాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఏటేటా తీసిన లెక్కలున్నాయి. కోర్టు తీర్పులున్నాయి, ఆర్థికవేత్తల పరిశోధనలున్నాయి.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. చట్టం ఆడే ఆడపిల్లల సంఖ్యను పెంచింది. చాలా పెంచింది. ఎవరో ఒకరు లెక్క అడిగినప్పుడు, గడువు పెట్టినప్పుడు, నష్టపోయిన పిల్ల న్యాయం కోసం వెళ్లడానికి ఒక తలుపు తెరిచి ఉన్నప్పుడు పెంచింది. ఆ మూడింటిలో ఏది సడలితే అక్కడ దాని బలమూ సడలింది.

చట్టానికి ముందు

1971లో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక హైస్కూలు అమ్మాయి క్రాస్ కంట్రీ పరుగులో పోటీ పడాలనుకుంది. ఆ బడిలో అమ్మాయిలకు జట్టు లేదు. అబ్బాయిల జట్టుతో కలిసి పరుగెత్తనివ్వమని కోర్టుకు వెళ్లింది. న్యాయమూర్తి ఒప్పుకోలేదు. పోటీ వల్ల మగపిల్లలకు ఒక వ్యక్తిత్వం అలవడుతుందని, ఆడపిల్లలకు ఆ రకం వ్యక్తిత్వం అక్కర్లేదని తీర్పులోనే రాశారు. వీధి అరుగు మీద కూర్చుని ఎవరో అన్న మాట కాదిది. న్యాయస్థానం కాగితం మీదికెక్కిన మాట.

ఆ మరుసటి ఏడాది మే నెలలో మిన్నెసోటా రాష్ట్రంలో మైల్స్ లార్డ్ అనే న్యాయమూర్తి ఇందుకు భిన్నమైన తీర్పు ఇచ్చారు. ఒకమ్మాయి టెన్నిస్ ఆడేది. ఇంకొక అమ్మాయి పరుగులోనూ, మంచు మీద స్కీయింగ్‌లోనూ మంచి నేర్పరి. వాళ్ల బడుల్లో ఆ ఆటలకు అమ్మాయిల జట్లు లేవు, అబ్బాయిల జట్టులో చేరడానికి నిబంధనలు ఒప్పవు. రాజ్యాంగం హామీ ఇచ్చిన సమాన రక్షణ కింద ఆ ఇద్దరినీ ఆడనివ్వాలని ఆయన ఆదేశించారు. ఆ తీర్పు ఆ ఇద్దరికే పరిమితమైంది. ఒక్కొక్క పిల్ల ఒక్కొక్క వకీలును పెట్టుకుని ఆటలోకి రావలసిన రోజులవి.

అంతటా ఇలాగే ఉందనుకోకూడదు. అయోవా రాష్ట్రంలో 1920 నుంచే ఆడపిల్లలకు రాష్ట్రస్థాయి బాస్కెట్‌బాల్ పోటీలు జరిగాయి. 1925లో పురుష అధికారులు ఈ పోటీలు ఆడపిల్లలకు తగవని చేతులు దులుపుకుంటే, ఒప్పుకోని కొందరు విడిపోయి అమ్మాయిల క్రీడల కోసమే వేరే సంఘం పెట్టుకున్నారు. జట్టుకు ఆరుగురు. ముగ్గురు బుట్టలో బంతి వేయడానికి, ముగ్గురు అడ్డుకోవడానికి. ఎవరూ మధ్యగీత దాటకూడదు, బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. అమ్మాయిల ఒంటికి ఎక్కువ శ్రమ కూడదన్న పాత భయం ఆ నియమాల్లో కనబడుతుంది. అయినా చిన్న చిన్న రైతు గ్రామాలు ఆ పోటీల వెంట కదిలేవి. జనం తలచుకుంటే చట్టం లేకుండానే అమ్మాయిలు ఆడగలరని అయోవా నిరూపించింది. కానీ యాభై రాష్ట్రాల దేశంలో అలాంటి చోటు అరుదు. దేశం మొత్తం మీద 1971-72లో హైస్కూలు జట్లలో ఆడిన అబ్బాయిలు 36.67 లక్షలు, అమ్మాయిలు 2.94 లక్షలు. బడికెళ్లే అమ్మాయిల్లో 27 మందికి ఒకరు.

ముప్పై ఏడు పదాలు

టైటిల్ నైన్ మీద అధ్యక్షుడు నిక్సన్ 1972 జూన్ 23న సంతకం చేశారు. దాని అసలు వాక్యం ఇంగ్లీషులో 37 పదాలు. ప్రభుత్వ సహాయం అందుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఎవరినీ లింగభేదం వల్ల దూరం పెట్టకూడదు, దాని ప్రయోజనాలు అందకుండా చేయకూడదు, వివక్ష చూపకూడదు అన్నది దాని సారం. ఆటల మాట అందులో ఎక్కడా లేదు. దాన్ని ముందుకు నడిపినవాళ్లు ప్రతినిధుల సభలో ఈడిత్ గ్రీన్, ప్యాట్సీ మింక్, సెనేట్‌లో బర్చ్ బై. వాళ్ల దృష్టి ప్రధానంగా కాలేజీ సీట్ల మీద, అధ్యాపక ఉద్యోగాల మీద ఉంది. హవాయికి చెందిన ప్యాట్సీ మింక్ డాక్టరు కావాలనుకుని ఎన్నో వైద్య కళాశాలలకు దరఖాస్తు చేసి, ఎక్కడా సీటు రాక న్యాయశాస్త్రం చదివినవారు. 2002లో ఆవిడ మరణించాక ఈ చట్టానికి ఆవిడ పేరే పెట్టారు.

చట్టం ఆటలకూ వర్తిస్తుందని తెలియగానే ప్రతిఘటన మొదలైంది. డబ్బు తెచ్చిపెట్టే ఆటలను మినహాయించాలని టెక్సాస్ సెనేటర్ జాన్ టవర్ 1974లో సవరణ తెచ్చారు. అది చివరికి నిలవలేదు. 1975లో నియమావళి వచ్చింది. ప్రాథమిక పాఠశాలలకు ఏడాది, హైస్కూళ్లకూ కాలేజీలకూ మూడేళ్లు గడువు. 1979లో ప్రభుత్వం ఒక వివరణ ఇచ్చి, సమానత్వాన్ని ఎలా కొలవాలో చెప్పింది. మూడు మార్గాల్లో ఏదో ఒకటి విద్యాసంస్థ చూపించాలి. విద్యార్థుల్లో అమ్మాయిలెంతమందో ఆటల్లోనూ దాదాపు అదే పాలు ఉండాలి. లేదా అమ్మాయిల ఆటలను వరసగా పెంచుకుంటూ వస్తున్నట్టు దాఖలా ఉండాలి. లేదా ఆసక్తి, సామర్థ్యం ఉన్న అమ్మాయిలందరికీ అవకాశం ఇప్పటికే అందిందని రుజువు చేయాలి. కాలేజీల కోసం రాసిన ఈ కొలత తర్వాత హైస్కూలు కేసుల్లోనూ ఆధారమైంది. మాకు వివక్ష లేదండీ అని నోటిమాటగా చెప్పి తప్పించుకునే వీలు దానితో పోయింది. అంకెలు చూపించాల్సి వచ్చింది.

పెంచింది చట్టమేనా?

1972-73లో హైస్కూలు ఆటల్లో ఉన్న అమ్మాయిలు 8.17 లక్షలు. ఒక్క ఏడాదిలో దాదాపు మూడింతలు. గడువు ముగిసే 1978 ప్రాంతానికి 20 లక్షలు. 2023-24లో సుమారు 34 లక్షలు. ఒకే పిల్ల రెండు ఆటలాడితే ఈ లెక్కలో రెండుసార్లు వస్తుంది, అబ్బాయిల విషయంలోనూ అంతే. 1971-72లో దేశం మొత్తం మీద హైస్కూలు సాకర్ ఆడిన అమ్మాయిలు 700 మంది. ఇప్పుడు మూడున్నర లక్షలకు పైనే.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఆలోచించాలి. మొదటి ఏడాది పెరుగుదలను నియమావళికి ఆపాదించలేం. అది ఇంకా పుట్టనే లేదు. స్త్రీల ఉద్యమం ఊపుమీదున్న కాలం, మిన్నెసోటా లాంటి తీర్పులు, తల్లిదండ్రుల్లో వచ్చిన మార్పు, రాబోయే నియమావళి మీద అంచనా, ఇవన్నీ అందులో కలిసి ఉన్నాయి. చట్టం కూడా ఆ మార్పులోంచే పుట్టింది. మరి ఏది దేనివల్ల అని విడదీయడమెలా?

ఒక దారి కాలక్రమం చూడడం. 1970ల చివర 20 లక్షలకు చేరిన అంకె 1980లంతా దాన్ని దాటలేదు. 1989-90లో 18.6 లక్షల దగ్గరే ఉంది. ఆ దశాబ్దంలో బడిపిల్లల సంఖ్యే తగ్గింది. అబ్బాయిల అంకె కూడా పడిపోయింది కాబట్టి తప్పంతా చట్టం మీద వేయకూడదు. అయితే ఆ దశాబ్దంలోనే చట్టం కోరలు ఊడాయి. 1984లో గ్రోవ్ సిటీ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ డబ్బు నేరుగా అందే కార్యక్రమానికే చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఆటల విభాగానికి నేరుగా డబ్బు రాదు గనక అది తప్పించుకుంది. 1988లో అధ్యక్షుడు రీగన్ వీటోను కాదని కాంగ్రెస్ మళ్లీ చట్టం చేసి, సంస్థకు ఏ మూల డబ్బు అందినా సంస్థ మొత్తం బాధ్యత వహించాలని తేల్చింది. 1992లో, ఆటలతో సంబంధం లేని ఒక జార్జియా హైస్కూలు కేసులో, బాధితులు నష్టపరిహారం కోరవచ్చని సుప్రీంకోర్టు అంది. ఆ తర్వాతి లెక్క చూడండి. 1989-90లో 18.6 లక్షలున్న అమ్మాయిలు 2000-01 నాటికి 27.8 లక్షలయ్యారు. అదే కాలంలో అబ్బాయిలు 34 లక్షల నుంచి 39 లక్షలకు పెరిగారు. శాతంలో చూస్తే అమ్మాయిల పెరుగుదల మూడు రెట్లకు పైగా ఉంది.

రెండో దారి ఆర్థికవేత్త బెట్సీ స్టీవెన్సన్ చూపించారు. చట్టానికి ముందు కొన్ని రాష్ట్రాల్లో అబ్బాయిలు విరివిగా ఆడేవారు, కొన్నింటిలో తక్కువ. అమ్మాయిలకు అబ్బాయిలతో సమానంగా అవకాశం ఇవ్వాలని చట్టం అన్నప్పుడు, అబ్బాయిలు ఎక్కువ ఆడే రాష్ట్రంలో బడులు అమ్మాయిలకు ఎక్కువ చోటు కల్పించాలి, తక్కువ ఆడే రాష్ట్రంలో కొంచెం చాలు. అంటే 1971లో అబ్బాయిలు ఎంతమంది ఆడారన్న సంగతి, తర్వాత అమ్మాయిలకు ఎంత అవకాశం పెరగాలో ముందే చెబుతుంది. అమ్మాయిల అభిరుచితో నిమిత్తం లేని ఈ కొలబద్దను పట్టుకుని ఆవిడ రాష్ట్రాలను పోల్చారు. ఒక రాష్ట్రంలో ఆటలాడే అమ్మాయిల శాతం పది పాయింట్లు పెరిగితే, కాలేజీకి వెళ్లే స్త్రీల శాతం ఒక పాయింటు, ఉద్యోగాల్లోకి వచ్చే స్త్రీల శాతం ఒకటి నుంచి రెండు పాయింట్లు పెరిగినట్టు 2010లో ప్రచురించారు. ఆటలు ఆడినవాళ్లు తెలివైనవాళ్లు కనుక చదువుకున్నారని కొట్టిపారేయడానికి ఈ పద్ధతి వీలివ్వదు.

అందువల్ల నా అభిప్రాయం ఇది. ఆడాలన్న కోరిక చట్టం పుట్టించలేదు. కోరిక అంతకు ముందే ఉంది. దానికి అడ్డంగా ఉన్న గట్టును చట్టం తెంచింది.

సాఫ్ట్‌బాల్ మైదానం దగ్గర

పెద్ద అంకెల నుంచి ఒక్క బడి ఆవరణలోకి వద్దాం. ఫ్లోరిడాలోని బ్రెవార్డ్ కౌంటీలో ఒక హైస్కూలు. అబ్బాయిల బేస్‌బాల్ మైదానానికి రాత్రి ఆటకు దీపాలు, ఎలక్ట్రానిక్ స్కోర్‌బోర్డు, బ్యాటింగ్ సాధనకు వలగూడు, ప్రేక్షకులకు మెట్లు, పత్రికల వాళ్లకు గది. అమ్మాయిల సాఫ్ట్‌బాల్ మైదానానికి దీపాల్లేవు, ఆ హంగుల్లో చాలావరకు లేవు. 1997లో విషయం కోర్టుకెక్కింది. సరిదిద్దుకునే పథకం ఇవ్వమని కోర్టు అడిగితే పాఠశాల బోర్డు ఏం రాసిచ్చిందో తెలుసా? అబ్బాయిల మైదానంలో దీపాలు వెలిగించం, స్కోర్‌బోర్డు కనెక్షన్ తీసేస్తాం, వలగూడు విప్పేస్తాం, మెట్లకు తాళ్లు కట్టి ఎవరినీ కూర్చోనివ్వం అని. కోర్టు దాన్ని మెచ్చలేదు. ఇద్దరికీ సమానంగా లేకుండా చేయడం చట్టం ఉద్దేశం కాదని స్పష్టం చేసింది. ఆ పథకం అమలైతే బడిలో అబ్బాయిల కోపమంతా సాఫ్ట్‌బాల్ అమ్మాయిల మీదే పడేది. ఆ భయంతో రేపు ఏ పిల్లా నోరు విప్పదు. సమానత్వాన్ని అడిగిన మనిషినే దోషిగా నిలబెట్టే ఈ ఎత్తుగడను మనం గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

కాలిఫోర్నియాలో శాన్ డియాగో దగ్గర క్యాజిల్ పార్క్ హైస్కూలుది ఇంకో కథ. విద్యార్థుల్లో అమ్మాయిల శాతానికి, ఆటల్లో వాళ్ల శాతానికి మధ్య తేడా 6.7 మాత్రమేనని, అది పట్టించుకోదగ్గది కాదని పాఠశాల జిల్లా వాదించింది. 2014లో అప్పీలు కోర్టు ఆ శాతాన్ని మనుషుల్లోకి మార్చి చూసింది. 47 మంది అమ్మాయిలు. ఒక జట్టు కట్టడానికి చాలినంత మంది. శాతాల్లో చిన్నగా కనిపించిన అన్యాయం తలలు లెక్కపెడితే అంత పెద్దదైంది.

మిచిగన్‌లో వివాదం రుతువుల గురించి. అమ్మాయిల వాలీబాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటలను దేశంలో మిగతా చోట్ల ఆడే కాలంలో కాకుండా మరో కాలంలో పెట్టారు. మంచి కాలం అబ్బాయిలది. దాంతో అమ్మాయిలు కాలేజీ శిక్షకుల కంట్లో పడేవారు కాదు. గ్రాండ్ రాపిడ్స్ ప్రాంతపు తల్లిదండ్రులు 1998లో దావా వేశారు. 2001లో గెలిచారు. అప్పీళ్లన్నీ ముగిసి రుతువులు మారేసరికి 2007 వచ్చింది. దావా నాడు తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి కాలేజీ చదువు కూడా ముగించి ఉంటుంది. హైస్కూలు ఆట వయసు నాలుగేళ్లు. న్యాయం దానికంటే ఆలస్యమైతే గెలిచిన పిల్ల ఆ ఆట ఆడదు, చెల్లెళ్లు ఆడతారు.

అడిగే పిల్లలకు అండగా నిలబడే పెద్దల సంగతీ చెప్పాలి. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో రోడరిక్ జాక్సన్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్. తన జట్టుకు నిధులు, సామగ్రి, వ్యాయామశాల సమానంగా అందడం లేదని పైవాళ్లకు చెప్పినందుకు కోచ్ పదవి పోయింది. 2005లో సుప్రీంకోర్టు ఐదు-నాలుగు మెజారిటీతో, పిల్లల పక్షాన ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష తీర్చుకోవడం కూడా వివక్షేనని తీర్పు ఇచ్చింది. వ్యాయామోపాధ్యాయులందరూ ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

చట్టం చేరని చోట్లు

ఇంత జరిగాక కూడా ఒక నిజం మిగిలే ఉంది. 2023-24లో అమ్మాయిలు 34 లక్షలైతే అబ్బాయిలు 46 లక్షలు. అమ్మాయిలు యాభై రెండేళ్ల తర్వాత కూడా 1971-72 నాటి అబ్బాయిల సంఖ్యను అందుకోలేదు. కారణాలు చాలా ఉన్నాయి. ఒకటి మాత్రం ముఖ్యం. కాలేజీలు ఏటా తమ ఆటగాళ్ల సంఖ్యను, ఖర్చును ప్రకటించాలని 1994లో వేరే చట్టం చేశారు. హైస్కూళ్లకు జాతీయ స్థాయిలో అలాంటిది లేదు. తమ బడిలో ఎవరికెంత అందుతోందో తెలియని తల్లి ఏమని ఫిర్యాదు చేస్తుంది? డబ్బున్న శివారు బడుల్లో తల్లిదండ్రులు అడుగుతారు, వకీలును పెట్టుకోగలరు. పేద పిల్లలు, నల్లజాతి, లాటినో పిల్లలు ఎక్కువగా చదివే బడుల్లో అమ్మాయిలకు అవకాశాలు ఇప్పటికీ తక్కువే. ఫిర్యాదు మీద నడిచే చట్టం ఫిర్యాదు చేయలేనివాళ్ల దగ్గరకు ఆలస్యంగా వెళుతుంది.

ఎవరూ ఊహించని పరిణామం ఒకటుంది. చట్టానికి ముందు కాలేజీ మహిళా జట్లకు నూటికి తొంభై మందికి పైగా స్త్రీలే కోచ్‌లు. జీతాలు, గౌరవం పెరిగాక ఆ ఉద్యోగాల్లోకి పురుషులు వచ్చారు. ఇప్పుడు స్త్రీలు సగం కూడా లేరు. ఆడేవాళ్ల గురించి మాట్లాడిన చట్టం ఆడించేవాళ్ల గురించి అంత గట్టిగా పట్టించుకోలేదు.

అబ్బాయిలకు అన్యాయం జరిగిందన్న వాదన కూడా వినాలి. కొన్ని కాలేజీలు కుస్తీ, జిమ్నాస్టిక్స్ లాంటి పురుషుల జట్లను రద్దు చేసిన మాట నిజం. ఆ కుర్రాళ్ల బాధా నిజమే. కానీ అమెరికన్ ఫుట్‌బాల్ ఖర్చు ముట్టుకోకుండా చిన్న ఆటలను కోసేయడం ఆయా సంస్థల నిర్ణయం. చట్టం అలా చెప్పలేదు. హైస్కూళ్లలోనైతే అబ్బాయిల సంఖ్య 36.67 లక్షల నుంచి 46 లక్షలకు పెరిగింది.

మన బడులకు

ఇదంతా మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవరాలు ఫోన్‌లో ట్రయౌట్స్ అయ్యాయి తాతయ్యా, టెన్నిస్ జట్టులోకి తీసుకున్నారు అని చెబితే మనలో ఎందరో మురిసిపోతున్నారు. ఆ పిల్లకు ఆ జట్టు ఉండడం వెనక నేను ఇంతవరకు చెప్పిన పోరాటమంతా ఉంది. ఇక్కడున్న మనవరాలికి కూడా అది కావాలి కదా.

మనకు ఛాంపియన్లు లేరా అంటే ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి, భారతదేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ. పి.వి. సింధు, నిజామాబాద్ నిఖత్ జరీన్, విశాఖ జ్యోతి యర్రాజి, వరంగల్ జిల్లా కల్లెడ నుంచి పారాలింపిక్ పతకం దాకా పరుగెత్తిన దీప్తి జీవాంజి. వీళ్ల వెనక మొండిగా నిలబడిన కుటుంబాలు, పట్టువదలని గురువులు ఉన్నారు. ఛాంపియన్ అసాధారణ పిల్ల. చట్టం ఉండాల్సింది సాధారణమైన పిల్ల కోసం. పతకం రాకపోయినా, జిల్లా జట్టుకు ఎంపిక కాకపోయినా, సాయంత్రం గంటసేపు పరుగెత్తే హక్కు ఉన్న పిల్ల కోసం.

2009 విద్యా హక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలంది. ఆట సామగ్రి ఇవ్వాలంది. ఆ స్థలంలో ఎవరు ఆడుతున్నారన్నది మాత్రం ఆ షెడ్యూలు అడగలేదు. సాయంత్రం మన హైస్కూలు గ్రౌండుకు వెళ్లి చూస్తే, నడిమధ్య అబ్బాయిల క్రికెట్ ఉంటుంది. అమ్మాయిలు ఆడితే గోడ వారన రింగు పట్టుకుని టెన్నికాయిట్ ఆడతారు. పదో తరగతి వచ్చేసరికి అదీ మానేస్తారు. ఆడపిల్లలకు ఆసక్తి లేదండీ అని మనం సరిపెట్టుకుంటాం. 1971లో అమెరికా కూడా సరిగ్గా అదే మాట అనుకుంది.

కాబట్టి ఈ సభ ద్వారా మూడు పనులు కోరుతున్నాను. మొదటిది, ప్రతి హైస్కూలూ ఏటా ఎంతమంది అబ్బాయిలు, ఎంతమంది అమ్మాయిలు ఏయే ఆటలు ఆడారు, గ్రౌండు ఎవరికి ఎన్ని గంటలు దక్కింది, ఆటల డబ్బు ఎవరి మీద ఎంత ఖర్చయింది అన్నది రాసి నోటీసు బోర్డు మీద అతికించాలి. రెండోది, తేడా కనబడితే దాన్ని పూడ్చడానికి గడువు ఉండాలి, ఆ గడువు ఆ పిల్లలు బడి దాటకముందే ముగియాలి. మూడోది, పిల్లగానీ తల్లిగానీ టీచరుగానీ ఫిర్యాదు చేస్తే జవాబు చెప్పవలసిన అధికారి ఎవరో పేరుతో సహా తెలియాలి, ఫిర్యాదు చేసినవాళ్లకు రక్షణ ఉండాలి. వీటిలో మొదటిదానికి ఏ శాసనసభ ఆమోదమూ అక్కర్లేదు. ఇక్కడున్న ప్రధానోపాధ్యాయులు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

ముందు వరుసల్లోని అమ్మాయిలకు ఒక మాట. మీ బడిలో ఆ కాగితం కనబడకపోతే వెళ్లి అడగండి. అడగడం అమర్యాద కాదు. అమెరికాలో ఆ 2.94 లక్షల అంకె 34 లక్షలు కావడంలో చట్టం ఎంత పని చేసిందో, ఆ చట్టాన్ని చేతబట్టి బడి ఆఫీసు గుమ్మం ఎక్కి అడిగిన పిల్లలు, తల్లులు అంత పని చేశారు. మీరు అడిగితే మీ పక్కన నిలబడవలసిన బాధ్యత ఈ సభలో ఉన్న పెద్దలందరిదీ.